తెగవలసినప్పుడు తెగే తీగ



ఈ వారం ధ్యానం చాలా చిన్న వస్తువు గురించి. పొడవు 20 మిల్లీమీటర్లు, లావు 5 మిల్లీమీటర్లు. చిన్న గొట్టం, రెండు చివర్లా లోహపు టోపీలు, లోపల వెంట్రుకలాంటి తీగ. కొట్లో కొంటే టీ ఖర్చు కూడా కాదు. కంప్యూటరుకు కరెంటు అందించే డబ్బా ఉంటుంది కదా, రిపేరు కొట్టువాళ్లు ఎస్‌ఎంపీఎస్ అంటారు, దాని గుమ్మం దగ్గర కాపలా కాసేది ఇదే. ఫ్యూజు.

మనం కొనే వస్తువులు చెడిపోకూడదని కోరుకుంటాం. ఫ్యూజును మాత్రం సమయం వచ్చినప్పుడు చెడిపోవడానికే తయారు చేస్తారు. ఇంగ్లీషులో ఆ మాటకు కరగడం అని అర్థం. మోయలేనంత కరెంటు వచ్చినప్పుడు ఆ సన్న తీగ కరిగి తెగిపోతుంది, దాని వెనక ఉన్నవన్నీ బతుకుతాయి. కాబట్టి ఎప్పటికీ పోని ఫ్యూజు మంచి ఫ్యూజు కాదు. పోవలసినప్పుడు పోయేది, పోకూడనప్పుడు నిలిచేది, అదే సరైన ఫ్యూజు. ఈ రెండో మాట కూడా గుర్తుంచుకోండి, ముందు దాని అవసరం ఉంది.

వేసవిలో మన మందిరంలో వి.బి.ఎస్. ముగింపు రోజు మధ్యాహ్నం కంప్యూటరు ఒక్కసారిగా ఆగిపోయింది. సాయంత్రం పిల్లలు పాడవలసిన పాటలన్నీ అందులోనే ఉన్నాయి. తెర కట్టాం, తల్లిదండ్రులను పిలిచాం. వైరింగ్ పనికి వెళ్లే మన తమ్ముడొకడు డబ్బా విప్పి చూశాడు. ఫ్యూజు పోయింది.

“అయ్యగారూ, టౌనుకెళ్లి తెచ్చేలోపు మీటింగు అయిపోద్ది. రాగి తీగ రెండు పోగులు చుట్టేస్తాను. ఇంట్లో కిట్‌క్యాట్ ఫ్యూజుకి వేసేది అదే కదా” అన్నాడు. తమ్ముడి ఉద్దేశం మంచిదే. పిల్లలు నిరాశ పడకూడదని అతని తాపత్రయం.

కరెంటు సబ్‌స్టేషన్‌లో పనిచేసి రిటైరైన మన సంఘ పెద్దాయన అక్కడే కుర్చీలు సర్దుతున్నారు. ఆయన ముందుగా తమ్ముడి చెయ్యి పట్టుకుని వెనక్కి లాగారు. “ప్లగ్గు తీశాం కదా అనుకోకు. ఇందులో పెద్ద కెపాసిటరు ఉంటుంది. 230 వోల్టుల కరెంటు దాంట్లోకి వెళ్లాక 325 వోల్టుల దాకా నిలవ ఉంటుంది. తీగ పీకిన తర్వాత కూడా కాసేపు అలాగే ఉండొచ్చు” అన్నారు. తర్వాత టార్చి వేసి ఫ్యూజు చూపించారు. “గాజు చూడరా. తీగ మధ్యలో సన్నగా తెగి, గాజు తెల్లగా ఉంటే బరువు కాస్త ఎక్కువైందనో, తీగ పాతబడిందనో అనుకోవచ్చు. ఇది నల్లగా మసి పట్టింది. అంటే లోపల ఎక్కడో షార్టు. నువ్వు తీగ చుడితే ఆ రెండు పోగులు ఎన్ని ఆంపియర్ల దగ్గర తెగుతాయో నీకు తెలీదు, నాకూ తెలీదు. అది తెగకపోతే ఇంకేదో తెగుద్ది. లేదా అంటుకుంటుంది.”

ఆ డబ్బా ఉన్న బల్లకు గుడ్డ పరిచి ఉంది. పక్కనే కిటికీ తెర. ఆ సాయంత్రం ఆ గదిలో కూర్చోబోయేది 70 మంది పిల్లలు.

కంప్యూటరును పక్కన పెట్టేశాం. “పది రోజులు నేర్చుకున్న పాటలు, పిల్లలకు నోటికి రావా ఏంటి?” అన్నారు పాస్టరమ్మ గారు. డోలక్కుతో, చప్పట్లతో పాడారు. రెండో పాటలో చరణాలు కలగాపులగమయ్యాయి, పిల్లలు నవ్వుకున్నారు, మళ్లీ అందుకున్నారు. ప్రభువుకు స్తోత్రం.

మర్నాడు మండల కేంద్రంలో ఒక మెకానిక్కు దగ్గరికి డబ్బా తీసుకెళ్లాం. ఆయన కొత్త ఫ్యూజు వైపు చూడనే లేదు. ముందు డబ్బాను సిరీస్ బోర్డుకు తగిలించాడు. అంటే కరెంటు నేరుగా డబ్బాలోకి వెళ్లకుండా, ముందు ఒక పాతకాలపు 100 వాట్ల బల్బు గుండా వెళ్తుంది. లోపల షార్టు ఉంటే ఆ బల్బు నిండుగా వెలిగి అలాగే ఉండిపోతుంది, అంతకుమించి కరెంటును లోపలికి పోనివ్వదు. అంతా బాగుంటే ఒక్క క్షణం మెరిసి మసకబారుతుంది. మాది నిండుగా వెలిగింది. వెతికితే ఏసీ కరెంటును డీసీగా మార్చే చిన్న నల్ల ముక్క షార్టయి ఉంది. అది మార్చి మళ్లీ పెట్టాడు. ఈసారి బల్బు తళుక్కుమని ఆరిపోయినట్టయింది. “ఇప్పుడు ఫ్యూజు వేసుకోవచ్చండి” అన్నాడు.

ఏ ఫ్యూజు అని అడిగాం. ఆయన అట్ట ముక్క మీద లెక్క వేసి చూపించాడు. మాది 450 వాట్ల డబ్బా. అది ఇచ్చేది 450 అయితే, వేడిగా పోయేది కూడా కలుపుకుంటే గోడ నుంచి తీసుకునేది సుమారు 560 వాట్లు. 230 వోల్టులతో భాగిస్తే దాదాపు రెండున్నర ఆంపియర్లు. ఇలాంటి సాదా డబ్బాలు కరెంటును ఒకే ధారగా కాక గుక్కలు గుక్కలుగా తాగుతాయి కాబట్టి అసలు లెక్క నాలుగుకు దగ్గరవుతుంది. ఇది నిండు బరువు మీద. పాటలు వేసుకునే కంప్యూటరు అందులో సగం కూడా వాడదు.

ఇక్కడే ఆయన ఒక మాట చెప్పాడు, అది మాకు బాగా పట్టింది. మన ఊళ్లో సాయంత్రం చెరువుల దగ్గర ఏరియేటర్లన్నీ తిరగడం మొదలుపెడితే వోల్టేజీ 180కి దిగడం మీకు తెలుసు. బల్బయితే అప్పుడు మసకగా వెలుగుతుంది, తక్కువ కరెంటు తీసుకుంటుంది. ఎస్‌ఎంపీఎస్ అలా కాదు. లోపలి కంప్యూటరుకు ఇవ్వవలసింది ఇచ్చి తీరాలి కాబట్టి బయట వోల్టేజీ తగ్గినకొద్దీ ఎక్కువ ఆంపియర్లు లాగుతుంది. 180 వోల్టుల దగ్గర అదే డబ్బాకు దాదాపు 5 ఆంపియర్లు కావాలి. పైకి ఏ తేడా కనిపించదు, తెర అలాగే వెలుగుతుంది. బరువంతా లోపలి తీగ మోస్తుంది.

“అయితే 10 ఆంపియర్లది వేస్తే గొడవ ఉండదు కదా?” అని అడిగాడు తమ్ముడు. మెకానిక్కు నవ్వి, బోర్డు మీద ఫ్యూజు పక్కన అచ్చు వేసిన అక్షరాలు భూతద్దంతో చూపించాడు. టి, 5 ఏ, హెచ్, 250 వి. “తయారుచేసినోడు ఇక్కడ రాసేశాడు. మనం వేసే లెక్క దాన్ని అర్థం చేసుకోవడానికే గానీ మార్చడానికి కాదు.”

ఆ నాలుగు గుర్తులకూ అర్థం చెప్పాడు. 5 ఏ అంటే 5 ఆంపియర్లు. అంతకంటే పెద్దది వేస్తే ఫ్యూజు కంటే ముందు లోపలి భాగాలు కాలతాయి. చిన్నది వేస్తే లో వోల్టేజీ రోజున ఏ తప్పూ లేకుండానే పోతుంది. 250 వి అంటే తెగిన తర్వాత ఎన్ని వోల్టుల నిప్పురవ్వను ఆర్పగలదో చెప్పే మాట. ట్రాక్టరుకూ కారుకూ వేసే రంగు ఫ్యూజుల్లో కూడా 5 ఆంపియర్లవి ఉంటాయి, కానీ అవి మామూలుగా 32 వోల్టులకు చేసినవి. అంకె కలిసింది కదా అని ఇక్కడ వేస్తే తీగ తెగినా ఆ సందులో నిప్పు ఆగకపోవచ్చు. హెచ్ అంటే పెద్ద షార్టు వచ్చినా పగలకుండా తట్టుకునే రకం. ఎల్ అని ఉండే గాజు ఫ్యూజు, ఈ 5 ఆంపియర్లదైతే, 50 ఆంపియర్ల షార్టు వరకే భద్రంగా ఆపుతుంది. హెచ్ రకం పింగాణీ గొట్టం 1500 ఆంపియర్ల వరకు ఆపగలదు. చాలావాటిలో నిప్పును చల్లార్చడానికి ఇసుక నింపుతారు. మాది సెకండ్ హ్యాండు కంప్యూటరు, హెచ్ ఉండవలసిన చోట అంతకుముందు ఎవరో గాజుది వేసి ఉంచారు.

ఇక టి. జర్మన్ భాషలో ట్రేగె అంటే నెమ్మది, ఫ్లింక్ అంటే చురుకు. ఆ మొదటి అక్షరాలే టి, ఎఫ్. కంప్యూటరు స్విచ్చి వేయగానే ఖాళీగా ఉన్న ఆ పెద్ద కెపాసిటరు ఒక్క గుక్కలో నిండాలని చూస్తుంది. సెకనులో చిన్న ముక్కసేపు పదుల ఆంపియర్లు లోపలికి దూకుతాయి. ఇందాక సిరీస్ బల్బు తళుక్కుమన్నది అందుకే. ఎఫ్ రకం ఫ్యూజు ఆ దూకుడును చూసి ప్రమాదమనుకుని తెగిపోతుంది. టి రకం ఓర్చుకుంటుంది, ఆ క్షణం దాటిపోతుందని తెలిసినట్టు. అలాగని షార్టు వస్తే ఊరుకోదు, నిజమైన ప్రమాదంలో అదీ వెంటనే తెగుతుంది. ఎఫ్ రకాన్ని తీసిపారేయకూడదు, ఏ చిన్న ఎక్కువనూ తట్టుకోలేని సున్నితమైన పరికరాలకు అదే కావాలి. ఏది ఎక్కడ వేయాలన్నదే ప్రశ్న.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో మేము యాకోబు పత్రిక 1వ అధ్యాయం గురించి మాట్లాడుకున్నాం. అక్కడ అపొస్తలుడు విశ్వాసికి రెండు రకాలూ ఇచ్చాడు. వినే దగ్గర చురుకు, కోపం దగ్గర నెమ్మది. మనం చాలాసార్లు వాటిని తారుమారు చేసుకుంటాం. కోడలు ఒక మాట అనగానే తెగిపోతాం, అసలు ఏం జరిగిందో వినడానికి మాత్రం వారం పడుతుంది. ఇంటికొచ్చిన భర్త గుమ్మంలో విసుక్కున్నాడనుకోండి, అది స్విచ్చి వేసినప్పటి దూకుడు కావచ్చు. ఒక్క నిమిషం ఆగితే దిగిపోతుంది. కానీ అదే మనిషి రోజూ తాగి వచ్చి చెయ్యి చేసుకుంటుంటే అది క్షణంలో దాటే దూకుడు కాదు, షార్టు. అక్కడ ఓర్చుకోమని ఏ సంఘమూ ఏ సోదరికీ చెప్పకూడదు. తలుపు తట్టమ్మా, మందిరం తలుపూ పాస్టరమ్మ గారి తలుపూ ఎప్పుడూ తెరిచే ఉంటాయి. పోలీసు స్టేషనుకు వెళ్లాలన్నా తోడు వస్తాం. కోపానికి ఆలస్యం చేయడం అంటే ఎప్పటికీ కాదు అనకపోవడం కాదు.

దేవుడు మనలో పెట్టిన మనస్సాక్షి కూడా ఇలాంటిదే. ధాన్యం కాటా దగ్గర బస్తాకు కిలో తరుగు ఎక్కువ తీసిన మొదటి రోజు ఆ మనిషికి రాత్రి నిద్ర పట్టదు. అది ఫ్యూజు తెగడం. ఆ రాత్రే లేచి ఆలోచించుకుంటే ఇల్లు బతుకుతుంది. కానీ “అందరూ చేసేదే కదా” అని ఒక పోగు తీగ చుడతాం. మరుసటి పంటకు ఇంకో పోగు. కొన్నాళ్లకు హాయిగా నిద్ర పడుతుంది, దాన్ని సమాధానం అనుకుంటాం. కాలిన ఇనుముతో వాత పెట్టిన చోట చర్మం మొద్దుబారినట్టు మనస్సాక్షి మొద్దుబారడం గురించి పౌలు తిమోతికి రాసిన మొదటి పత్రిక 4వ అధ్యాయంలో హెచ్చరించాడు. అన్నీ నడుస్తూనే ఉంటాయి. లైట్లు వెలుగుతాయి. అందుకే అది భయపడవలసిన స్థితి.

మూడో సంగతి మా సంఘంలోనే జరిగింది. ఆ అక్క అనుమతితో, పేరు లేకుండా రాస్తున్నాం. మూడేళ్లుగా మంచాన ఉన్న అత్తగారికి ఆమె ఒక్కతే చాకిరీ చేస్తోంది. ఒక బుధవారం వాళ్లింట్లో కూడిక జరుగుతుండగా పిల్లలు అల్లరి చేశారని టీ గ్లాసుల పళ్లెం నేలకు కొట్టి లోపలికి వెళ్లిపోయింది. అందరూ నిశ్శబ్దం. తర్వాత మాటలు బయలుదేరాయి. ప్రార్థనాపరురాలనుకున్నాం, ఇంత కోపమా, సాక్ష్యం పోగొట్టుకుంది అని కొందరు. ఇంకా ఎక్కువ ప్రార్థన చేసుకుని ఓర్చుకోవాలి అని కొందరు.

మరుసటి ఉదయం వెళ్లాం. పాస్టరమ్మ గారు కోపం ఊసెత్తలేదు. “రాత్రి ఎన్ని గంటలు పడుకుంటున్నావు?” అని అడిగారు. ఆమె తల వంచుకుని, “నాలుగుసార్లు లేస్తానండి అమ్మగారూ. మూడేళ్లయింది” అంది. నల్లబడిన గాజు అక్కడ కనిపించింది మాకు. బయట వోల్టేజీ తగ్గిపోయింది, ఇంట్లో ఎవరి సాయమూ లేదు. అయినా వంట ఆగలేదు, కూడిక ఆగలేదు, పైకి అంతా వెలుగుతూనే ఉంది. ఆమె ఒక్కతే ఎక్కువ ఆంపియర్లు లాగుతూ వచ్చింది.

ఆమెకు ఇంకా ఓర్చుకో అని చెప్పి వచ్చేయడం ఫ్యూజు తీసి రాగి తీగ చుట్టడమే. ప్రార్థన అనే పరిశుద్ధమైన మాటను కూడా మనం అలా వాడగలం, జాగ్రత్త. స్త్రీల సమాజం కూర్చుని మాట్లాడుకుంది. మంగళవారం, శనివారం రాత్రులు ఇద్దరేసి చొప్పున వెళ్లి పడుకుంటున్నారు. తెల్లవారుజాము పని భర్త తీసుకున్నాడు. రెండు వారాల తర్వాత ఆ అక్కే కూడికలో పిల్లలను దగ్గరకు పిలిచి క్షమించమని అడిగింది. ఎవరూ అడగమనలేదు.

మొదటి రాజుల గ్రంథం 19వ అధ్యాయం చదవండి. కర్మెలు మీద అంత గొప్ప విజయం చూసిన ఏలీయా, యెజెబెలు బెదిరింపు విని అరణ్యంలోకి పారిపోయి, బదరీ చెట్టు కింద కూలబడి, ఇక చాలు, ప్రాణం తీసుకో అని దేవుణ్ణి అడిగాడు. దేవుడు ఏం చేశాడో వరుసగా గమనించండి. గద్దించలేదు. నిద్రపోనిచ్చాడు. దూతను పంపి వేడి రొట్టె, నీళ్లు ఇప్పించాడు. మళ్లీ నిద్రపోనిచ్చాడు, మళ్లీ తినిపించాడు. హోరేబు కొండ దాకా వచ్చాక అప్పుడు ప్రశ్న అడిగాడు, ఇక్కడ ఎందుకున్నావని. ఏలీయా తాను ఒక్కణ్ణే మిగిలానని చెప్పుకున్నాడు. దేవుడు ఎలీషాను చూపించాడు, ఇంకా 7000 మంది ఉన్నారని తెలియజేశాడు. బరువు దింపి, కారణం అడిగి, తోడు ఇచ్చి, ఆ తర్వాతే మళ్లీ పనిలో పెట్టాడు. ఏలీయాను తీసేసి ఎప్పటికీ అలసిపోని ప్రవక్తను వెతకలేదు. మన దేవుడు అలాంటివాడు.

చివరిగా ఇళ్లలో పాటించవలసిన మాటలు. కంప్యూటరు డబ్బా లోపలి ఫ్యూజు పోతే మీరు విప్పకండి, తెలిసినవాళ్లకు ఇవ్వండి. చౌక డబ్బా అయితే మొత్తం మార్చుకోవడమే మంచిది. ఒకసారి కొత్త ఫ్యూజు వేయగానే అదీ పోయిందా, మూడోది వేయకండి, లోపల కారణం ఉంది. కువైట్‌లో ఉన్న బిడ్డలారా, మీ మూడు పిన్నుల ప్లగ్గులోపలే ఫ్యూజు ఉంటుంది. అది ఆ తీగను కాపాడటానికి. దాని మీద 3 అని ఉంటే 3, 13 అని ఉంటే 13, పాతది ఏదో చూసి అదే కొనండి. వెండి కాగితం చుట్టే పని ఎవరు చెప్పినా చేయకండి.

ఈ వారం మీ ఇంట్లో ఎవరైనా ఒక్కసారిగా తెగిపోతే, వాళ్లను తిట్టేముందు గాజు చూడండి. ఎంత నిద్ర, ఎంత అప్పు, ఎంత ఒంటరితనం అని అడగండి. అడిగి ఊరుకోకండి, ఒక రాత్రి వెళ్లి తోడుండండి.

ప్రార్థన చేసుకుందాం. తండ్రీ, మేము ఎంత మోయగలమో మమ్మల్ని చేసిన నీకు తెలుసు. నీవు మాలో పెట్టిన హెచ్చరికను మేము తీగ చుట్టి నోరు మూయించకుండా కాపాడు. దాటిపోయే మాటలకు ఓర్పునివ్వు, దాటిపోని కీడును ఆపే ధైర్యమివ్వు. అలసి తెగిపోయినవారి దగ్గరికి రొట్టెతో, నీళ్లతో మమ్మల్ని పంపు. యేసు నామమున అడుగుతున్నాము తండ్రీ, ఆమేన్.